తిరగేసి బిగించిన ఫోర్కు

సైకిల్ ఎక్కడ కనబడినా ముందు దాన్ని తలకిందులు చేసి చూడటం మైలో బ్రాండ్‌వోల్డ్‌కి అలవాటు. శనివారం పొద్దున ఎవరో పాత సామాన్లు వాకిట్లో పరుచుకుని అమ్ముతూ ఉంటారు. ఆ ఇంటావిడ కాఫీ కప్పు పట్టుకుని, తన కొడుకు కాలేజీకి వెళ్లేదాకా దీనిమీదే తిరిగాడని మురిపెంగా చెబుతూ ఉంటుంది. ఈయన వినిపించుకోడు. సీటూ హ్యాండిలూ నేలకి ఆనించి, పెడల్స్ మధ్య గొట్టం అడుగుభాగాన్ని బొటనవేలితో తడిమి చూస్తాడు. తర్వాత ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు చూస్తాడు. ఆ తర్వాతే ఆమెకి గుడ్ మార్నింగ్ చెబుతాడు. ఏ యేడు తయారైందో తెలుసుకోవడానికి నంబరు వెతుకుతున్నాడని నేననుకునేదాన్ని. మర్యాద తెలియని ముసలాడని కూడా అనుకునేదాన్ని, ఆ మాట మొహానే అనేదాన్ని.

నా పేరు ఆర్డిస్. మా ఊరు మానిటోవాక్‌లో స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాను. మా ఆయన చనిపోయిన చలికాలంలో, టీవీతో పోట్లాడటం తప్ప ఇంకో పని లేక, పక్కింటి గరాజ్‌లో మనిషి అలికిడి విని వెళ్లాను. మైలో ఒక తుప్పు పట్టిన రిమ్ముని, మనం వంటింట్లో వాడే అల్యూమినియం రేకుతో రుద్దుతున్నాడు. రేకుని ఉండచుట్టి నీళ్లలో ముంచి రుద్దుతుంటే తుప్పు నల్లటి బురదలా దిగిపోతోంది, కిందనుంచి అద్దంలాంటి మెరుపు బయటికొస్తోంది. నాకూ ఒక ఉండ ఇవ్వమన్నాను. ఇచ్చాడు. ఎందుకొచ్చావని అడగలేదు. అప్పటినుంచి ఆ గరాజ్‌లో నాకో స్టూలు ఏర్పడింది.

మేం బాగుచేసేవి గొప్ప సైకిళ్లేం కావు. డెబ్భైల్లో డిపార్ట్‌మెంట్ స్టోర్లలో, చలికోట్లకీ పెయింటు డబ్బాలకీ మధ్య వరుసగా నిలబెట్టి అమ్మిన పది గేర్ల రేసు సైకిళ్లు. పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిల్, సన్నటి టైర్లు, చూపుకి రేసు సైకిలే. ఎత్తి చూస్తే మాత్రం నీళ్ల గొట్టాలతో చేశారేమో అన్నంత బరువు. ఖరీదైన సైకిళ్లు తొక్కేవాళ్లు వీటిని చూసి మూతి తిప్పుకుంటారు. చవక సరుకంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మా ఊళ్లో ఫ్యాక్టరీ వాళ్ల పిల్లలంతా వాటిమీదే పెరిగారు. వాటిమీదే పేపర్లు వేశారు, వాటిమీదే సరస్సు ఒడ్డుకి పోయి ముద్దులు పెట్టుకున్నారు. ఇంకేం చేయాలి పాపం ఒక సైకిల్?

మైలోకి ఒక నియమం ఉండేది. దొరికిన సైకిల్‌ని తను చూసేదాకా ఎవరూ తుడవకూడదు. మురికి చూస్తే దాని బతుకంతా తెలుస్తుందనేవాడు. చైను మీద ఇసుక ఉంటే సరస్సు ఒడ్డున తిరిగిందట, సీటు మీద పావురాల రెట్ట ఉంటే కొట్టంలో పడి ఉందట. ఒకసారి నేను సాయం చేద్దామని ఒకదాన్ని శుభ్రంగా తుడిచి తీసుకెళ్తే, ఆ వారమంతా నాతో ముక్తసరిగా మాట్లాడాడు. మళ్లీ ఆ తప్పు చేయలేదు నేను.

ఒక మార్చిలో, ఇంకా రోడ్డు పక్కన మురికి మంచు కుప్పలు కరగకముందే, చెత్తతో పాటు ఎవరో బయట పెట్టేసిన సైకిల్ ఒకటి నా పికప్‌లో వేసుకొచ్చాను. దింపుతుంటే నాకు నవ్వాగలేదు. ఫోర్కు తిరగేసి ఉంది. ఫోర్కు కాళ్లు కింద కొంచెం ముందుకి వంగి ఉండాలి. దీనికి వెనక్కి, పెడల్స్ వైపుకి వంగి ఉన్నాయి. ముందుండాల్సిన బ్రేకు వెనక దాక్కుంది. అట్టపెట్టెలో కొని తెచ్చి ఇంట్లో బిగించుకున్న సైకిళ్లకి ఇది మామూలే. పెట్టెలో ఇమడటానికి ఫోర్కు వెనక్కి తిప్పి పెడతారు. చూసుకోని మనిషి హ్యాండిల్‌ని అలాగే దూర్చి బిగించేస్తాడు. దాన్ని తొక్కుతూ మలుపు తిరిగితే బూటు కొస ముందు చక్రానికి తగులుతుంది.

"ఏ మహానుభావుడు బిగించాడో గానీ, కళ్లెక్కడ పెట్టుకున్నాడో," అన్నాను.

మైలో చేతిలో పానా బల్ల మీద పెట్టాడు.

"నాలాంటివాడే అయ్యుంటాడు," అన్నాడు.

ఆ రోజు చెప్పాడు. ఆయనకి ఒక కూతురు ఉండేదనీ, చిన్నతనంలోనే పోయిందనీ వీధిలో అందరికీ తెలుసు. అంతకుమించి ఎవరికీ తెలియదు. ఆయన భార్య బెర్నెటా ఉన్నన్నాళ్లూ ఆ ఇంట్లో ఆ ఊసు ఎత్తడానికి లేదు. పిల్ల పేరు మార్నీ. పద్నాలుగో యేట క్రిస్మస్‌కి పసుపురంగు పది గేర్ల సైకిల్ కావాలంది. స్టోరువాళ్లు బిగించి ఇస్తామన్నారు. ఈయన ఒప్పుకోలేదు. క్రేన్ల ఫ్యాక్టరీలో ఫిట్టరు కదా, నాలుగంతస్తుల క్రేను బిగించేవాడికి సైకిల్ ఒక లెక్కా అని స్టోరువాణ్ణి ఎగతాళి చేసి, పెట్టె భుజాన వేసుకుని వచ్చాడు. పండగ ముందురోజు పిల్ల పడుకున్నాక, బీరు తాగుతూ, పాటలు పాడుకుంటూ బేస్‌మెంట్‌లో ఒక్కడే బిగించాడు. ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన అక్షరాల అచ్చులతో, పెడల్స్ గొట్టం అడుగున మార్నీ పేరులో మొదటి అక్షరమూ ఇంటిపేరులో మొదటి అక్షరమూ కొట్టాడు. ఎవడైనా దొంగిలిస్తే పట్టుకోవడానికట.

ఆ పై యేడు కాదు, తర్వాతి యేడు ఆగస్టులో, నది వైపు దిగే పల్లం రోడ్డు మలుపులో మార్నీ పడిపోయింది. వంతెన కమ్మీకి తల కొట్టుకుంది. పక్కన బండీ లేదు, మనిషీ లేడు. కంకర మీద జారి ఉంటుందని పోలీసాయన చెప్పాడు. అందరూ నమ్మారు. మైలో కూడా నమ్మాడు. కొన్నేళ్లయ్యాక, ఫ్యాక్టరీలో కొత్తగా చేరినతను భోజనానికి ఇంటికొచ్చి, గోడ మీద క్రిస్మస్ ఫొటో చూశాడు. పిల్ల పైజమాల్లో, సైకిల్ పక్కన నిలబడి నవ్వుతోంది. ఆ వచ్చినతను కూడా నవ్వాడు. ఫోర్కు తిరగేశావేంటి మైలో అన్నాడు.

ఇందాక నేను నవ్వింది కూడా అచ్చం అలాగే కదా.

బెర్నెటా ఆ సైకిల్‌ని అంత్యక్రియలైన వారంలోనే ఎవరికో ఇచ్చేసింది. ఎవరికని అడిగితే లేచి గదిలోకి వెళ్లిపోయేది. ఫోర్కు సంగతి మాత్రం ఆమెకి చెప్పలేదట. అది తన ఒక్కడి మీదే ఉండాలనుకున్నాడు. ఆ తర్వాతే ఈ పాత సైకిళ్ల వెతుకులాట మొదలైంది. చవక సైకిళ్ల మీద పిచ్చి ప్రేమ అని ఊరంతా అనుకుంది, నేనూ అనుకున్నాను.

"పడిపోయిన యేడు వసంతంలో మార్నీ కొత్త టైరు వేయించుకోవడానికి దాన్ని సైకిల్ షాపుకి తీసుకెళ్లింది," అన్నాడు. "షాపు ముసలాయన పనిమంతుడు. చూసి ఊరుకునే రకం కాదు. ఫోర్కు తిప్పే ఉంటాడు. తిప్పి ఉంటే అది కంకరే, ఆర్డిస్. తిప్పకపోతే నేను."

ఆ ముసలాయన ఎప్పుడో పోయాడు. ఇక చెప్పగలిగింది సైకిల్ ఒక్కటే.

"తెలుసుకుని ఏం చేస్తావు?" అన్నాను.

"తెలియకుండా ఇన్నేళ్లు ఏం చేశానో చూశావుగా."

ఆ తర్వాత నేను కూడా ప్రతి పసుపు సైకిల్‌నీ తలకిందులు చేయడం మొదలుపెట్టాను. గుడ్ మార్నింగ్ తర్వాతే చెప్పేదాన్ని.

సెప్టెంబరులో మైలోకి తుంటి ఆపరేషన్ చేశారు. నెల పాటు ఇంటి ఆవరణ దాటొద్దన్నారు. దాంతో కీల్ అనే ఊరి అవతల ఒక పాడి రైతు పొలంలో సామాన్ల అమ్మకానికి నేనొక్కదాన్నే వెళ్లాను. రైతు చనిపోయాడు, కూతురు రొవీనా అన్నీ అమ్మేస్తోంది. పాల డబ్బాలూ గడ్డి కోసే కత్తులూ దాటుకుని కొట్టం వెనక్కి పోతే, దూలానికి ఒక సైకిల్ వేలాడుతోంది. దుమ్ము కింద పసుపు. ముందు చక్రం కదలకుండా గడ్డిమోపుల తాడుతో కట్టేసి ఉంది. ఒకవైపు హ్యాండిల్ టేపు చిరిగి వేలాడుతోంది. ఆ వైపు పెడల్ వంగి ఉంది.

దింపకముందే కింద నిలబడి చేయి పైకి చాపి, గొట్టం అడుగున బొటనవేలు పెట్టాను. దుమ్ము కింద రెండు అక్షరాలు తగిలాయి.

తర్వాత ఫోర్కు చూశాను. చూడకుండా ఉంటే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. కాళ్లు వెనక్కి వంగి ఉన్నాయి.

రొవీనా వచ్చి, అది అమ్మకానికి కాదంది. ఎవరిదో తెలుసా అని అడిగితే తెలుసంది. వాళ్ల నాన్న వారంవారం మా వీధికి గుడ్లు తెచ్చేవాడట.

"ఇనుప సామాన్లవాడికి పడేయమని ఆ పిల్ల తల్లి ఇచ్చారంట," అంది. "నాన్నకి చేతులు రాలేదు. అలాగని మమ్మల్ని తొక్కనిచ్చిందీ లేదు. తాడు కట్టి పైకెక్కించాడు. అప్పట్నుంచి ఒక్కళ్లు ముట్టుకోలేదండీ దాన్ని."

ఆ సైకిల్ తొక్కిన పిల్ల తండ్రి ఇంకా బతికే ఉన్నాడని చెప్పాను. ఆమె ఇంకేం అడగకుండా నిచ్చెన తెచ్చింది.

పికప్‌లో ఎక్కించుకుని బయల్దేరాను. దారిలో ఒక చర్చి వెనక ఖాళీ జాగా చూసి ఆపాను. ఎనభై దగ్గర పడుతున్న మనిషి, తుంటికి కుట్లు, గుండె కూడా అంత గట్టిది కాదు. ఇది చూపిస్తే ఏమవుతాడు? చూపించకపోతే వెతుకుతూ వెతుకుతూనే పోతాడు. తప్పో ఒప్పో ఆలోచించే ఓపిక నాకెప్పుడూ లేదు. పనిముట్ల పెట్టె తెరిచాను.

హ్యాండిల్ నడినెత్తిన ఒకే ఒక్క బోల్టు. నూనె పోసి, నాననిచ్చి, వదులు చేసి, చెక్క సుత్తితో ఒక్కటిచ్చాను. తాడు కోసేశాను. చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించి తిప్పుతుంటే ఏదో పటుక్కున విరిగి నా ఒళ్లో మట్టి రాలింది. బ్రేకుకీ దాని వెనకున్న ఫ్రేము గొట్టానికీ మధ్య కందిరీగలు కట్టుకున్న మట్టిగూడు. ఒళ్లు దులుపుకున్నాను. ఫోర్కు ముందుకి తిరిగింది, బ్రేకు ముందుకి వచ్చింది, బోల్టు బిగించాను. గుడ్డ తీసుకుని తుడవబోయి ఆగిపోయాను. తుడిచి తీసుకెళ్తే మైలోకి అనుమానం వస్తుంది. ఆయన నియమం నాకు బాగా తెలుసు. అందుకని వేలు కూడా పెట్టకుండా మురికితో సహా తీసుకెళ్లాను. బోల్టు చుట్టూ మాత్రం ఇంత దుమ్ము తీసి అద్దాను. తెలివైనదాన్ని అనుకున్నాను.

మైలో చేతికర్ర పట్టుకుని గరాజ్‌లో నిలబడి ఉన్నాడు. నేను దింపగానే తలకిందులు చేయమని చేత్తో సైగ చేశాడు. అక్షరాల మీద వేలు పెట్టి, మళ్లీ మళ్లీ పెట్టి, నిలబెట్టమన్నాడు. అప్పుడు ఫోర్కు వైపు చూశాడు.

నేను ఆయన్ని అంతకుముందు ఏడుస్తుండగా చూడలేదు. ఏడుస్తూ నవ్వాడు. షాపు ముసలాయన పేరు పెట్టి, నువ్వు తిప్పావురా, నువ్వు తిప్పావు అంటూ సీటుని అరచేత్తో కొడుతూ ఉండిపోయాడు. రైతు సంగతంతా చెప్పాను. గుడ్ల సంగతి, చేతులు రాకపోవడం, తాడు కట్టడం, ఎవరూ ముట్టుకోకపోవడం. నేనాడింది ఒక్క అబద్ధం, దాని చుట్టూ అన్నీ నిజాలే. నిజాల మధ్య పెడితే అబద్ధానికి ఎంత బలమొస్తుందో ఆ రోజే తెలిసింది.

అది శుక్రవారం. మా ఊళ్లో శుక్రవారం సాయంత్రం వేయించిన చేప తినని ఇల్లుండదు. నేను వెళ్లి రెండు పొట్లాలు కట్టించుకొచ్చాను. గరాజ్‌లోనే, సైకిల్ ఎదురుగా కూర్చుని తిన్నాం. ఆయన తనది తినేసి నా రై పిండి రొట్టె కూడా లాక్కున్నాడు. మార్నీ గురించి చెప్పాడు. ఆ పిల్ల గేరు మార్చేటప్పుడు నాలుక బయటపెట్టేదట, తల్లి మీద కోపమొస్తే సైకిలెక్కి సరస్సు ఒడ్డున లైట్‌హౌస్ దాకా పోయి వచ్చేదట, వచ్చేసరికి కోపం మర్చిపోయి ఆకలి అనేదట. ఇన్నేళ్లలో ఆ పిల్ల చావు గురించి కాకుండా బతుకు గురించి నేను విన్నది ఆ ఒక్క సాయంత్రమే. ఇంటికి వెళ్తుంటే, ఆర్డిస్, చాలా మంచి పని చేశావు అనిపించింది నాకు.

మర్నాడు పొద్దున ఫ్లాస్కులో కాఫీ పోసుకుని వెళ్లాను. మైలో సైకిల్ పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో గుడ్డ ఉంది, శుభ్రంగా ఉంది. ఇంకా ఏమీ తుడవలేదు.

"ఇలా రా," అన్నాడు.

ఫ్రేము గొట్టం మీద ఒకచోట వేలు పెట్టాడు. అక్కడ సగం మట్టిగూడు అతుక్కుని ఉంది. విరిగినచోట కందిరీగల గదులు గొట్టాల్లా తెరుచుకుని కనబడుతున్నాయి. తర్వాత చేయి ముందుకి జరిపి, ఫోర్కు అవతల, బ్రేకు ముందువైపు పెట్టాడు. అక్కడ మిగతా సగం ఉంది. గాలి తప్ప దానికెదురుగా ఏమీ లేదు.

"సగం గూడు ఇక్కడా సగం గూడు అక్కడా ఏ కందిరీగా కట్టదు కదా, ఆర్డిస్."

తప్పు చేసిన పిల్లలా తల దించుకున్నాను. బస్సులో అరవైమంది పిల్లల్ని ఒక్క కేకతో కూర్చోబెట్టినదాన్ని.

"ఎక్కడ తిప్పావు?"

"చర్చి వెనక," అన్నాను. "చెడ్డ ఉద్దేశంతో కాదు."

"తెలుసు." గుడ్డ మడిచి మోకాలి మీద పెట్టుకున్నాడు. "రాత్రి హాయిగా నిద్రపట్టింది. ఆ పిల్ల పోయాక అలా పడుకోలేదు నేను. నీ మీద కోపం లేదు."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్లకి నాకు జవాబులొచ్చు.

పానా అందుకుని, చక్రం పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. ఆయన బోల్టు వదులు చేసి ఫోర్కుని వెనక్కి తిప్పాడు. బ్రేకు నెమ్మదిగా గొట్టం దగ్గరికి వచ్చింది. రెండు సగాలూ ఎదురెదురుగా వచ్చి, గదికి గది సరిపోయి, గూడు ఒకటయ్యింది. సైకిల్ మార్నీ తొక్కినట్టుగా నిలబడింది. మైలో వంగి, వంకరపోయిన పెడల్ మీద తన చెప్పు ఆనించి చూశాడు. చక్రం కొంచెం పక్కకి తిప్పగానే టైరు వచ్చి చెప్పు కొసకి తగిలింది. తీసి మళ్లీ పెట్టాడు. మళ్లీ తగిలింది.

"రెండు వేసవులు తొక్కింది," అన్నాడు. "కాలు తగులుతోంది నాన్నా అని ఒక్కసారి చెప్పలేదు. నేను బిగించానని చెప్పలేదేమో."

నేను ఏడ్చాను. దాచుకోలేదు. ఆయన ఏడవలేదు, నిన్ననే అయిపోయినట్టున్నాయి ఆయన కన్నీళ్లు. ఏదో ఒకటి చేయాలి కాబట్టి కప్పులో కాఫీ పోసి ఆయన చేతికివ్వబోయాను. బల్ల మీద పెట్టమన్నాడు.

"మళ్లీ పట్టుకో."

చక్రాన్ని మోకాళ్ల మధ్య గట్టిగా పట్టుకున్నాను. ఆయన లేచి, చేతికర్ర బల్లకి ఆనించి, ఫోర్కుని తనే ముందుకి తిప్పాడు. గూడు మళ్లీ రెండయ్యింది. హ్యాండిల్ తిన్నగా ఉందో లేదో ఒక కన్ను మూసి చూసుకున్నాడు. పానా ఒకసారి బోల్టు మీదనుంచి జారింది. నేను బిగిస్తానని చేయి చాపాను.

"వద్దు. ఇది నేను తిప్పాల్సింది."

బిగించాడు. ఫిట్టరు బిగించినట్టు, చివర్న ఇంకొంచెం. హ్యాండిల్ పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపి చూశాడు, ఎక్కడా కదల్లేదు. స్టూలు మీద కూర్చుని కాఫీ తీసుకున్నాడు. ఒక గుక్క తాగి, నోరు కాలి, కప్పు దూరం జరిపాడు. ఇంకా పొగలు వస్తున్నాయి.

"చూడు," అన్నాడు, కప్పు నాకు చూపిస్తూ. "కాఫీ కూడా చల్లారలేదు. ఇంతే పని."